ఈ గ్రాఫ్‌లో 2.54 ఏది?

రెండు వేర్వేరు కొలతలను ఒకే బొమ్మలో గీసినప్పుడు దేన్ని నమ్మాలి, దేన్ని నమ్మకూడదు? కొన్ని అంకెలతో ఒక పరిశీలన.

బడి పిల్లల కంపాస్ బాక్సులోని చిన్న స్కేలు తీసి చూడండి. ఒక అంచున 15 సెంటీమీటర్లు, రెండో అంచున 6 అంగుళాలు. అంకెలు వేరు, గీతల మధ్య ఎడం వేరు. అయినా ఆ స్కేలు ఎవరినీ మోసం చేయదు. అంగుళానికి 2.54 సెంటీమీటర్లు అనే లెక్క ఆ రెండంచులనూ కట్టి ఉంచింది. స్కేలు తయారుచేసే మనిషి అంగుళాల అంచును తనకు నచ్చినట్టు సాగదీయలేడు, కుదించలేడు.

దినపత్రికల్లో, టీవీ చర్చల్లో, ఆఫీసు ప్రజెంటేషన్లలో, వాట్సాప్‌లో తిరిగే బొమ్మల్లో ఇదే రెండంచుల స్కేలు మరో రూపంలో కనిపిస్తుంది. ఎడమ పక్క నిలువుగా ఒక కొలత, కుడి పక్క నిలువుగా ఇంకో కొలత, మధ్యలో రెండు గీతలు. వర్షపాతం, దిగుబడి. డాలరు, పెట్రోలు. బడ్జెట్టు, ఫలితాలు. చూడగానే రెండింటి మధ్య ఏదో బంధం ఉందనిపిస్తుంది. అయితే చాలాసార్లు ఆ రెండు పక్కలనూ కట్టి ఉంచే 2.54 అక్కడ ఉండదు. ఎడమ అక్షం ఎక్కడ మొదలవ్వాలో, కుడి అక్షం ఎక్కడ ఆగాలో గీసినవారే నిర్ణయిస్తారు. వారు నిర్ణయించకపోతే వారి బదులు కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం మారితే బొమ్మ చెప్పే కథ కూడా మారిపోతుంది. ఎంతగా మారుతుందో లెక్క వేసి చూద్దాం.

రెండో అక్షం అవసరం ఎక్కడ పుట్టింది?

ముందు న్యాయంగా మాట్లాడుకోవాలి. రెండో అక్షం ఊరికే పుట్టలేదు. 2021 మే నెలను గుర్తుచేసుకోండి. కోవిడ్ రెండో అల. మే 7 ఉదయం కేంద్ర ఆరోగ్యశాఖ వెల్లడించిన కొత్త కేసులు 4,14,188. ఆ అలలో ఒక్క రోజుకు అదే అత్యధికం. మే 19 ఉదయం వెల్లడించిన మరణాలు 4,529. పాత మరణాలను ఆ తర్వాత కలిపిన రోజులను పక్కన పెడితే, మరణాల గీతకు అదే శిఖరం.

ఈ రెండింటినీ ఒకే అక్షం మీద గీద్దాం. బొమ్మ ఎత్తు 10 సెంటీమీటర్లు, కేసుల శిఖరం సరిగ్గా పై అంచుకు తాకుతుంది అనుకుందాం. అప్పుడు మరణాల శిఖరం ఎత్తు ఎంత? 4,529ని 4,14,188తో భాగిస్తే 1.09 శాతం. అంటే 1.1 మిల్లీమీటర్లు. పెన్సిల్ గీత మందం కన్నా కాస్త ఎక్కువ. రోజుకు నాలుగు వేల ఇళ్లలో చావు కబురు వినిపించిన కాలం ఆ బొమ్మలో నేలకు అంటుకుపోయిన గీత అవుతుంది. అది అంకెల పరంగా సరైనదే కావచ్చు, చూసేవారికి మాత్రం ఏమీ చెప్పదు. అందుకే మరణాలకు కుడి పక్కన వేరే అక్షం ఇస్తారు. అప్పుడు రెండు కొండలూ స్పష్టంగా కనిపిస్తాయి. కేసుల కొండ శిఖరం తర్వాత 12 రోజులకు మరణాల కొండ శిఖరం వచ్చిందని తెలుస్తుంది.

ఆ 12 రోజులు నిజమైన సమాచారం. దాన్ని మనం చదివింది అడ్డ అక్షం మీద. తేదీలు రెండు గీతలకూ ఉమ్మడి. మే 7 అంటే కేసులకూ మే 7, మరణాలకూ మే 7. ఏ గీత ముందు పెరిగింది, ఏది ఎప్పుడు మలుపు తిరిగింది అన్న ప్రశ్నలకు ఇలాంటి బొమ్మ నమ్మకంగా జవాబిస్తుంది.

నిలువు అక్షం మాత్రం ఉమ్మడి కాదు. కేసుల గీత మరణాల గీత కన్నా పైన ఉందా, కింద ఉందా? రెండూ ఎక్కడ కలిశాయి? ఏది నిటారుగా లేచింది? ఈ మూడు ప్రశ్నలకూ ఆ బొమ్మ ఇచ్చే జవాబు అక్షాలు ఎంచుకున్నవారి చేతిలో ఉంటుంది. ‘ఎప్పుడు’ అన్నది అడ్డంగా చదవచ్చు. ‘ఎంత’ అన్నది రెండు గీతల మధ్య నిలువుగా పోల్చకూడదు. ఈ కథనంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే దీన్ని గుర్తుంచుకోండి. మిగతాదంతా దీనికి రుజువులే.

నాలుగు అంకెలు, రెండు కథలు

అమెరికాలో టైలర్ విజెన్ అనే ఆయన ఒకదానికొకటి ఏ సంబంధమూ లేని గణాంకాలను జతచేసి చూపి పేరు తెచ్చుకున్నారు. ఆయన చూపిన జతల్లో బాగా ప్రచారమైంది ఇది: మెయిన్ రాష్ట్రంలో విడాకుల రేటు, అమెరికాలో తలసరి మార్జరిన్ వాడకం. మార్జరిన్ అంటే వెన్నకు బదులు రొట్టె మీద రాసుకునే పదార్థం. 2000లో మెయిన్‌లో ప్రతి వెయ్యి మందికి 5.0 విడాకులు. 2009లో 4.1. అదే కాలంలో మార్జరిన్ తలసరి వాడకం 8.2 పౌండ్ల నుంచి 3.7 పౌండ్లకు పడిపోయింది. రెండు కొలతలు ఎంతగా కలిసి కదిలాయో చెప్పే సహసంబంధ గుణకం ఈ పదేళ్ల అంకెలకు 0.99. గరిష్ఠంగా ఉండగలిగేది 1.

గ్రాఫ్‌లో ఈ రెండు గీతలూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని దిగుతాయి. అలా దిగేలా చేయడం ఎంత తేలికో చూడండి. ఎడమ అక్షాన్ని 3.9 నుంచి 5.1 వరకు పెడదాం. అప్పుడు 5.0 బొమ్మ ఎత్తులో 92 శాతం దగ్గర, 4.1 దాదాపు 17 శాతం దగ్గర పడతాయి. కుడి అక్షాన్ని 2.7 నుంచి 8.7 వరకు పెడదాం. 8.2 కూడా 92 శాతం దగ్గరే, 3.7 కూడా 17 శాతం దగ్గరే. రెండు గీతలూ ఒకే చోట బయలుదేరి ఒకే చోట ఆగాయి.

ఇప్పుడు రెండు అక్షాలనూ సున్నా నుంచి మొదలుపెడదాం. ఎడమది 0 నుంచి 6, కుడిది 0 నుంచి 10. విడాకుల గీత 83 శాతం ఎత్తున మొదలై 68 శాతానికి దిగుతుంది. మార్జరిన్ గీత 82 శాతం దగ్గర మొదలై 37 శాతానికి జారిపోతుంది. పక్కపక్కనే బయలుదేరిన గీతలు చివరికి చాలా దూరమయ్యాయి. అంకెల్లో ఏ మార్పూ లేదు. ఒకటి 18 శాతం తగ్గింది, రెండోది 55 శాతం తగ్గింది. మొదటి బొమ్మ ఈ తేడాను పూర్తిగా మింగేసింది.

ఇందులో ఒక సూత్రం ఉంది. ప్రతి నిలువు అక్షానికీ రెండు కొసలు: అడుగు, పైభాగం. రెండు అక్షాలకు నాలుగు కొసలు. ఒక గీత మొదటి బిందువు, చివరి బిందువు మరో గీత బిందువుల మీద పడాలంటే రెండు షరతులు చాలు. మన చేతిలో నాలుగు కొసలున్నాయి. అంటే రెండూ పెరిగే, లేదా రెండూ తగ్గే ఏ జతనైనా సరే, మొదలు, తుది సరిగ్గా కలిసేలా ఎప్పుడూ గీయవచ్చు. ఒక అక్షాన్ని తలకిందులు చేస్తే, ఒకటి పెరిగి మరొకటి తగ్గే జతను కూడా అలాగే కలపవచ్చు. కలిశాయన్నది కనుగొన్న విషయం కాదు, అమర్చిన విషయం.

మరి 0.99 సంగతి? ఆ గుణకాన్ని మాత్రం అక్షాలు మార్చలేవు. అయితే పదేళ్ల పాటు రెండూ తగ్గుతూ వచ్చాయి కాబట్టే అది అంత పెద్దదైంది. ఆ పదేళ్లలో క్రమంగా తగ్గిన మరే కొలతను తెచ్చి పక్కన పెట్టినా దాదాపు అలాంటి గుణకమే వస్తుంది. కాలంతో పాటు కలిసి నడవడం వేరు, ఒకటి మరొకదాన్ని నడిపించడం వేరు.

దాటిపోయింది ఏ ఏడాది?

రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే చోటు కంటిని లాగేస్తుంది. శీర్షికలు కూడా అక్కడి నుంచే పుడతాయి. మన జనగణన అంకెలతో ఆ చోటును పరీక్షిద్దాం.

| సంవత్సరం | భారత జనాభా (కోట్లు) | అక్షరాస్యత (శాతం) |
|---|---|---|
| 1951 | 36.1 | 18.3 |
| 1961 | 43.9 | 28.3 |
| 1971 | 54.8 | 34.5 |
| 1981 | 68.3 | 43.6 |
| 1991 | 84.6 | 52.2 |
| 2001 | 102.9 | 64.8 |
| 2011 | 121.1 | 73.0 |

(అక్షరాస్యతను 1971 వరకు 5 ఏళ్లు, ఆ పైబడినవారిలో లెక్కించారు. 1981 నుంచి 7 ఏళ్లు, ఆ పైబడినవారిలో.)

అక్షరాస్యత అక్షాన్ని 0 నుంచి 100 వరకు ఉంచి, దాన్ని ముట్టుకోకుండా వదిలేద్దాం. జనాభా అక్షాన్ని మాత్రమే మారుద్దాం.

మొదటిసారి జనాభా అక్షం 30 కోట్ల నుంచి 125 కోట్ల వరకు. 1981లో జనాభా గీత 40 శాతం ఎత్తున, అక్షరాస్యత గీత దాదాపు 44 శాతం ఎత్తున ఉంటాయి. 1991కి వచ్చేసరికి జనాభా 57, అక్షరాస్యత 52. అంటే 1980ల్లో జనాభా అక్షరాస్యతను ‘దాటింది’.

రెండోసారి పై అంచును 125 నుంచి 150 కోట్లకు జరుపుదాం. ఇంకేమీ మార్చలేదు. 1991లో జనాభా 46, అక్షరాస్యత 52. 2001లో 61, 65. 2011లో 76, 73. ఇప్పుడు దాటింది 2000 తర్వాత. ఒక్క అంకె మార్చడంతో ఆ మలుపు ఇరవై ఏళ్లు ముందుకు జరిగింది.

మూడోసారి జనాభా అక్షం 0 నుంచి 200 కోట్ల వరకు. 1951లో రెండు గీతలూ 18 శాతం ఎత్తున పక్కపక్కనే మొదలవుతాయి. ఆ తర్వాత ఆరు దశాబ్దాలూ అక్షరాస్యతే పైన ఉంటుంది. దాటడం అన్నదే లేదు.

ఈ మూడు బొమ్మల్లో ఏది నిజం? అంకెలన్నీ మూడింట్లోనూ సరిగ్గానే ఉన్నాయి. తప్పంతా ప్రశ్నలో ఉంది. కోట్ల మంది మనుషులు శాతాన్ని దాటడం అనే సంఘటన ప్రపంచంలో ఎక్కడా జరగదు. కిలోమీటరు గంటను దాటిందా అని అడిగినట్టే ఇది. ఈ రెండు కొలతలనూ కలిపి అడగదగిన అసలు ప్రశ్న వేరే ఉంది: జనం పెరుగుతుండగా చదువు అందనివారి సంఖ్య పెరిగిందా, తగ్గిందా? దానికి జవాబు ఒకే గీతలో వస్తుంది. 7 ఏళ్లు, ఆ పైబడినవారిలో నిరక్షరాస్యులు 2001లో 30 కోట్లు దాటారు. 2011 నాటికి ఆ సంఖ్య 28 కోట్ల చేరువకు దిగింది. రెండు అక్షాల బొమ్మను ఎంతసేపు చూసినా ఈ విషయం కనిపించదు.

అక్షాలే లేని చార్టు

2015 సెప్టెంబరు 29న అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఒకటి ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ అనే సంస్థ నిధుల మీద విచారణ జరిపింది. ఆ సంస్థ మహిళలకు ఆరోగ్య సేవలు అందిస్తుంది, గర్భస్రావాలూ చేస్తుంది. కమిటీ అధ్యక్షుడు జేసన్ చాఫెట్జ్ ఒక చార్టు చూపించారు. అందులో 2006 నుంచి 2013 వరకు రెండు బాణాలు. ఒకటి పై నుంచి కిందికి: క్యాన్సర్ పరీక్షలు, నివారణ సేవలు 20,07,371 నుంచి 9,35,573కు. రెండోది కింది నుంచి పైకి: గర్భస్రావాలు 2,89,750 నుంచి 3,27,000కు. రెండు బాణాలూ మధ్యలో ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి. ఆ చార్టులో నిలువు అక్షం లేదు. ఎడమన లేదు, కుడిన లేదు.

చివరి అంకెలను మరోసారి చూడండి. 9,35,573 కింద ఉంది, 3,27,000 పైన ఉంది. కిందున్న అంకె పైన ఉన్నదానికి దాదాపు 2.9 రెట్లు.

రెండూ సేవల లెక్కలే, కొలత ఒక్కటే. కాబట్టి రెండో అక్షం అవసరమే లేదు. 2 లక్షలకు ఒక సెంటీమీటరు చొప్పున గీస్తే మొదటి గీత 10 సెంటీమీటర్ల ఎత్తున మొదలై 4.7 దగ్గర ఆగుతుంది. రెండోది 1.4 నుంచి 1.6కు చేరుతుంది. గీతలు కలవవు. చివరికి కూడా మధ్యలో 3 సెంటీమీటర్ల ఖాళీ. ఒకటి 53 శాతం తగ్గింది, రెండోది 13 శాతం పెరిగింది. ఈ రెండూ చెప్పదగిన నిజాలే. గర్భస్రావాల మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, మొదటిది ఎందుకు సగానికి పైగా తగ్గిందని అడగవచ్చు, రెండోది ఎందుకు పెరిగిందని అడగవచ్చు. కానీ ఒకటి మరొకదాన్ని మించిపోయిందన్న భావన అంకెల్లో ఎక్కడా లేదు. బాణాలు గీసిన చేయి దాన్ని కల్పించింది.

ఇలాంటి బొమ్మ వెనక ప్రతిసారీ దురుద్దేశం ఉండదని కూడా చెప్పాలి. ఎక్సెల్‌లో ‘సెకండరీ యాక్సిస్’ అని ఒక్క చోట నొక్కితే కుడి అక్షం వచ్చేస్తుంది. దాని అడుగు, పైభాగం సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టేస్తుంది. గీసినవారు ఏ నిర్ణయమూ తీసుకోలేదనుకుంటారు. నిర్ణయం మాత్రం జరిగిపోయింది.

2.54 ఉన్న చోట

రెండో అక్షం పూర్తిగా న్యాయమైన సందర్భాలూ ఉన్నాయి. మనింట్లో జ్వరం 101 అంటే ఫారన్‌హీట్, ఎండ 42 అంటే సెల్సియస్. రెండు కొలతలతోనూ రోజూ బతుకుతున్నాం. రెండు పక్కలా గీతలున్న థర్మామీటరు ఎవరినీ తికమక పెట్టదు. సెల్సియస్‌ను 1.8తో గుణించి 32 కలిపితే ఫారన్‌హీట్. 37 పక్కన 98.6 తప్ప మరో అంకె ఉండటానికి వీల్లేదు. ఇక్కడ నిజానికి గీత ఒక్కటే, దానికి పేర్లే రెండు.

ఇంకాస్త లోతైన ఉదాహరణ శీతోష్ణస్థితి పాఠంలో ఉంది. నెలవారీ వర్షానికి కడ్డీలు, ఉష్ణోగ్రతకు గీత ఉండే బొమ్మను బడిలో మనందరం చూశాం. జర్మనీకి చెందిన హైన్రిష్ వాల్టర్, హెల్ముట్ లీత్ 1960లో మొదలుపెట్టిన ప్రపంచ శీతోష్ణస్థితి అట్లాస్‌లో వర్షాన్ని కూడా గీతగా చూపి, ఆ బొమ్మకు ఒక కట్టుబాటు పెట్టారు. ఎడమన 10 డిగ్రీల సెల్సియస్ ఎంత ఎత్తో, కుడిన 20 మిల్లీమీటర్ల వర్షం అంతే ఎత్తు. ఎక్కడి ఊరైనా, ఏ నెలైనా ఇదే నిష్పత్తి. రెండూ సున్నా దగ్గరే కలిసి మొదలవుతాయి. వర్షం మరీ ఎక్కువైతే 100 మిల్లీమీటర్ల పైభాగాన్ని పదో వంతుకు కుదిస్తారు. ఆ కుదింపు కూడా అన్ని ఊళ్లకూ ఒకటే.

ఈ కట్టుబాటుతో గీతలు దాటడానికి అర్థం వచ్చింది. వేడి పెరిగేకొద్దీ నేల నుంచి, మొక్కల నుంచి ఆవిరయ్యే నీరు పెరుగుతుంది. వర్షం గీత ఉష్ణోగ్రత గీత కన్నా కిందికి దిగితే, కురిసింది ఆవిరికి చాలదని లెక్క. ఆ నెల పొడి నెల. హైదరాబాద్‌కు వేసి చూద్దాం. మే నెల సగటు ఉష్ణోగ్రత సుమారు 33 డిగ్రీలు. నిష్పత్తి ప్రకారం 66 మిల్లీమీటర్ల వర్షం పడితే గీతలు సమానం. నగరంలో మే వర్షం సగటున 40 మిల్లీమీటర్ల లోపే. కాబట్టి పొడి. జులైలో సుమారు 27 డిగ్రీలు, కావలసింది 54 మిల్లీమీటర్లు. కురిసేది 150కి పైనే. కాబట్టి తడి. ఇక్కడ గీతలు దాటే చోట నైరుతి వచ్చింది, దుక్కి మొదలైంది, చెరువులోకి నీరు దిగింది.

1కి 2 అన్నది ప్రకృతి ఇచ్చిన కచ్చితమైన సూత్రం కాదు. శాస్త్రజ్ఞులు ఆలోచించి కుదుర్చుకున్న ఒప్పందం. అయినా అది ముందే ప్రకటించిన ఒప్పందం, బొమ్మబొమ్మకూ మారని ఒప్పందం. అంకెలు చూశాక అక్షాన్ని సాగదీయడం వేరు, అక్షాన్ని కుదుర్చుకున్నాక అంకెలు చూడటం వేరు. గణాంక నిపుణుడు హాడ్లీ విక్హామ్ రూపొందించిన జీజీప్లాట్2 అనే సాఫ్ట్‌వేర్ కూడా ఈ దారినే ఎంచుకుంది. చాలాకాలం రెండో అక్షాన్నే అనుమతించలేదు. 2016లో వచ్చిన 2.2.0 వెర్షన్ నుంచి అనుమతిస్తోంది, కానీ ఒక షరతుతో. రెండో అక్షం మొదటి అక్షం నుంచి ఒక సూత్రంతో లెక్కగట్టేదై ఉండాలి. అంటే గీసేవారు తమ 2.54 ఏమిటో తామే రాసి ఇవ్వాలి.

ఆ సూత్రం లేనప్పుడు ఏం చేయాలి?

అన్నిటికన్నా తేలికైన దారి బొమ్మను రెండుగా విడగొట్టడం. పైన ఒకటి, కింద ఒకటి, తేదీలు రెండింటికీ ఒకే వరుసలో. కోవిడ్ ఉదాహరణలో కేసుల కొండ పైన, మరణాల కొండ కింద. స్కేలు నిలువుగా పెట్టి చూస్తే 12 రోజుల ఎడం అలాగే కనిపిస్తుంది. అడ్డంగా చదవగలిగిన నిజం చెక్కుచెదరదు. గీతలు దాటే అవకాశమే లేదు కాబట్టి నిలువుగా పుట్టే భ్రమ పోతుంది. పత్రికలో రెండంగుళాల స్థలం ఎక్కువ పడుతుంది. ఆ మాత్రం స్థలం పాఠకుడికి ఇవ్వాల్సిందే.

రెండో దారి సూచీ. రెండు కొలతలనూ ఒక ఆధార సంవత్సరంలో 100 అనుకుని, అక్కడి నుంచి ఎన్ని రెట్లు మారాయో గీస్తారు. ఇది మంచి దారే, కానీ ఇందులోనూ జాగ్రత్త కావాలి. మన ఇళ్లలో తరచూ వినిపించే పోలికనే తీసుకుందాం: బంగారమా, షేర్లా?

| సంవత్సరం | 10 గ్రాముల బంగారం, ఏడాది సగటు (రూ., సుమారు) | సెన్సెక్స్, డిసెంబరు ముగింపు |
|---|---|---|
| 1990 | 3,200 | 1,048 |
| 2000 | 4,400 | 3,972 |
| 2010 | 18,500 | 20,509 |
| 2020 | 48,651 | 47,751 |

2000 నుంచి రెండు వరుసలూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఒకే అక్షం మీద గీసేయవచ్చనిపిస్తుంది. ఆ దగ్గరితనం కేవలం కాకతాళీయం. మనం 10 గ్రాముల ధర రాశాం కాబట్టి అలా వచ్చింది. కాసు ధర, అంటే 8 గ్రాములకు రాస్తే 2020 అంకె 38,921 అయి సెన్సెక్స్ కన్నా బాగా కిందికి దిగుతుంది. గ్రాము ధర రాస్తే 4,865తో నేలకు అంటుతుంది. అటు సెన్సెక్స్ 1978-79ని 100గా తీసుకుని లెక్కగట్టే పాయింట్లు. రూపాయలకూ పాయింట్లకూ మధ్య ఏ 2.54 లేదు. ఒకే అక్షం ఉన్నంత మాత్రాన పోలిక నిజమైపోదు.

సూచీగా మారిస్తే ఆ ఇబ్బంది పోతుంది. 1990ని 100 అనుకుంటే 2020లో బంగారం 1,520, సెన్సెక్స్ 4,556. షేర్లు మూడు రెట్ల దూరంలో ముందున్నాయి. 2000ని 100 అనుకుంటే బంగారం 1,106, సెన్సెక్స్ 1,202. దాదాపు సరిసమానం. 2010ని 100 అనుకుంటే బంగారం 263, సెన్సెక్స్ 233. ఈసారి బంగారమే ముందు. షేర్ల డివిడెండ్లు, నగల తరుగు, మజూరీ ఇందులో కలపలేదు.

మూడు లెక్కలూ సరైనవే. షేర్లు అమ్మేవారు 1990 నుంచి చూపిస్తారు, బంగారం అమ్మేవారు 2010 నుంచి చూపిస్తారు. కాబట్టి ఆధార సంవత్సరానికి కారణం ఉండాలి. బిడ్డ పెళ్లికని 2010లో కొనడం మొదలుపెట్టిన ఇంటికి 2010 సరైన ఆధారం. ఎందుకంటే ఆ ఇంటి ప్రశ్న అక్కడే మొదలైంది. కారణం చెప్పకుండా ఎంచుకున్న ఏడాది, కారణం చెప్పకుండా సాగదీసిన అక్షం లాంటిదే.

మూడో దారి నిష్పత్తి. దీని విలువ చెప్పడానికి రెండు శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి. గీతల గ్రాఫ్‌ను, కడ్డీల గ్రాఫ్‌ను ప్రపంచానికి పరిచయం చేసిన విలియం ప్లేఫెయిర్ 1821లో ఒక చార్టు ప్రచురించారు. 1565 నుంచి తన కాలం దాకా ఇంగ్లండ్‌లో ఒక క్వార్టర్, అంటే 8 బుషెళ్ల గోధుమల ధర కడ్డీలుగా, నైపుణ్యమున్న పనివాడి వారం కూలి గీతగా. రెండూ షిల్లింగుల్లోనే. ఆయన చెప్పదలచుకున్నది కూలితో పోలిస్తే గోధుమలు ఇంత చవగ్గా ఎన్నడూ లేవని. కానీ ఆ బొమ్మ చూసిన కంటికి ముందు పడేది ఎత్తుగా ఎగసిన గోధుమల కడ్డీలు. కూలి గీత వాటి కింద మెల్లగా పాకుతుంటుంది.

ఆయన అంకెలతోనే భాగహారం చేస్తే విషయం తేలిపోతుంది. 1565లో గోధుమలు సుమారు 41 షిల్లింగులు, కూలి 5. అంటే 8 వారాలకు పైగా పనిచేస్తే ఒక క్వార్టర్ గోధుమలు. 1810లో గోధుమలు సుమారు 99, కూలి 30. అంటే 3.3 వారాలు చాలు. ధర 2.4 రెట్లు పెరిగింది, కూలి 6 రెట్లు పెరిగింది. ‘ఎన్ని వారాల కూలి’ అన్న ఒక్క గీత గీసి ఉంటే ప్లేఫెయిర్ చెప్పదలచుకున్న మాట పిల్లలకు కూడా అర్థమయ్యేది. గ్రాఫ్‌ల పితామహుడి చేతిలోనే రెండు కొలతల బొమ్మ ఆయన వాదాన్ని దాచేసింది.

నాలుగో దారి చుక్కల బొమ్మ. కాలాన్ని పక్కన పెట్టి, ఒక కొలతను అడ్డంగా, మరొకదాన్ని నిలువుగా పెట్టి, ఏడాదికో చుక్క పెట్టడం. రెండింటికీ సంబంధం ఉందా అన్నదే ప్రశ్న అయితే సూటిగా అడగాల్సింది ఇక్కడే. మెయిన్ ఉదాహరణను అలా గీస్తే పదే చుక్కలు కనిపిస్తాయి. అంత కొద్ది చుక్కల మీద ఎంత బరువు మోపుతున్నామో అప్పుడు తెలుస్తుంది.

ఇవేవీ కుదరక రెండు అక్షాలే గీయాల్సి వస్తే, గీత ఏ రంగో దాని అక్షం అంకెలూ ఆ రంగులోనే ఉండాలి. వీలైతే ఒకటి కడ్డీలుగా, ఒకటి గీతగా ఉండాలి. రెండూ సున్నా నుంచి మొదలవ్వాలి. సున్నా కాకపోతే ఎందుకో ఒక వాక్యం రాయాలి.

చూసేవారి చేతిలో

గీసేవారు అందరూ ఇవి పాటించే దాకా చూసేవారు ఆగనక్కర్లేదు. రెండు గీతలు కలిసి నడుస్తున్న బొమ్మ ఎదురైనప్పుడు గీతలను వదిలేసి ముందు అంచులు చూడండి. ఎడమ అడుగున ఏ అంకె? కుడి అడుగున ఏ అంకె? తర్వాత మొదటి విలువ, చివరి విలువ తీసుకుని రెండింటి శాతం మార్పు కాగితం మీద వేయండి. మెయిన్ అంకెల్లో 18, 55 వచ్చినట్టు, అమెరికా చార్టులో 53, 13 వచ్చినట్టు అవి బొమ్మతో పొసగకపోతే అంకెలను నమ్మండి.

ఈ లెక్కకు అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఎందుకు ఖర్చుపెట్టాలంటే, ఇలాంటి బొమ్మల మీదే మన పైర్లకు నీళ్లు, మన పిల్లల బడులకు నిధులు, మన పొదుపు వెళ్లే దారి నిర్ణయమవుతున్నాయి. ఒక అక్షాన్ని 125 దగ్గర ఆపాలా, 150 దగ్గర ఆపాలా అన్నది ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని తీసుకున్న నిర్ణయం. దాని వల్ల ఇరవై ఏళ్ల చరిత్ర అటూ ఇటూ జరుగుతుంటే, ఎందుకని అడిగే హక్కు మనకుంది.

కంపాస్ బాక్సులోని స్కేలు నాలుగో తరగతి పిల్ల చేతిలో ఉన్నా నిజమే చెబుతుంది. ఎందుకంటే దాని రెండంచుల మధ్య ఉన్న లెక్క అందరికీ తెలుసు, ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఈసారి రెండంచుల గ్రాఫ్ ఎవరు చూపించినా, ఆ లెక్క ఏదని వారిని అడగండి.